వైనులో పొగాకు వాసనట. ఏ పొగాకు?

వైను గురించి రాసేవాళ్ళ మీద అందరూ వేసే నింద ఒకటే: లేనిపోనివి కల్పించి రాస్తారని. పులిసిన ద్రాక్షరసంలో చెర్రీ పండు ఎక్కణ్ణుంచి వచ్చింది, తోలు ఎక్కణ్ణుంచి వచ్చింది, పొగాకు ఎక్కణ్ణుంచి వచ్చింది అని. నా ఫిర్యాదు దీనికి సరిగ్గా ఎదురు. వాళ్ళు ఎక్కువ రాయడం లేదు, తక్కువ రాస్తున్నారు. 'పొగాకు, దేవదారు చెక్క, కాస్త తోలు' అని మూడు మాటలు పడేసి సీసా ధర దగ్గరికి వెళ్ళిపోతారు. కొండపి పక్కన పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉన్న ఇంట్లో పెరిగినవాడు ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతాడు. పొగాకు సరే, ఏ పొగాకు?

చేలో ఆకు కొట్టేటప్పుడు చేతులకి నల్లటి జిగురు పడుతుంది. సబ్బుకి పోదు, ఆ చేత్తో అన్నం తింటే ముద్ద చేదెక్కుతుంది. ఆ పచ్చి జిగురుది ఒక వాసన. ఆకుని కర్రలకి అల్లి బ్యారన్‌కి ఎక్కించి సన్న వేడి పెట్టిన మొదటి రెండ్రోజులు ఇంకో వాసన, వానకి తడిసి ఆరుతున్న వరిగడ్డి వాసనకి దగ్గర. ఆకు పసుపు తిరిగేది అప్పుడే. లోపలున్న పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. తర్వాత వేడి పెంచుకుంటూ పోయి ముందు ఆకు, ఆపైన ఈనె ఆరబెడతారు. చివరికి 70 డిగ్రీలు తాకుతుంది. ఆఖరి రాత్రి తలుపు సందులోంచి వచ్చేది బెల్లప్పాకం వాసన, అంచున కొంచెం ఘాటు. ఆకు దించి మండె కట్టాక, అంటే కుప్పగా పేర్చాక, వారాల తరబడి అది లోలోపల మగ్గుతుంది, ఘాటు దిగి ఎండుద్రాక్ష వాసనలోకి వస్తుంది. బర్లీ రకం పొగాకు సంగతి వేరు. దాన్ని నీడన గాలికి ఆరబెడతారు గనక చక్కెర దాదాపు మిగలదు, వేయించిన వేరుశెనగ పొట్టులాంటి పొడి వాసన ఉంటుంది. ఇక మా తాత చుట్ట ఒకటి, ఆరిపోయిన చుట్ట ఇంకొకటి. ఇవన్నీ పొగాకే. వీటిలో ఏ రెండూ ఒకటి కాదు.

బెంగళూరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెలిసినవాళ్ళతో కలిసి తలా కొంత వేసుకుని మంచి సీసాలు తెప్పించుకునేవాళ్ళం. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు కాబెర్నే ద్రాక్ష వైను, వయసు పైబడిన సీసా, మొదటిసారి ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు నాకు తోచింది 'పొగాకు' కాదు, 'మండె'. పచ్చాకు కాదు, బ్యారన్ కాదు, చుట్ట అసలే కాదు. ఇది కవిత్వమూ కాదు. పొగాకు ఆరి మగ్గేటప్పుడు పుట్టే మెగాస్టిగ్మాట్రయినోన్ అనే పదార్థాల గుంపు ఓక్ చెక్కలో ఉంటుంది, వైనులోనూ దొరుకుతుంది. గులాబీ నూనెలో ఉండే డమాసినోన్ కూడా అంతే, పొగాకులోనూ ఉంది వైనులోనూ ఉంది. ఆకు పండి, ఆరి, మగ్గడమూ, ద్రాక్ష పులిసి, చెక్కలో నిలవుండడమూ అక్కడక్కడ ఒకే రసాయనం దగ్గర కలుస్తున్నాయి. ముక్కు ఆ కలిసిన చోటుని పట్టుకుంటోంది. పట్టుకున్నదాన్ని సగం చెప్పి వదిలెయ్యడం మీదే నా గొడవ.

మా బావకి ఇప్పటికీ బ్యారన్లున్నాయి. నేను గ్లాసు తిప్పుతుంటే చూసి, "ఏంది బావా, వాసన చూస్తన్నావా, తాగుతన్నావా?" అంటాడు. నవ్వే హక్కు అతనికి మాత్రం లేదు. వేలం కేంద్రంలో బేళ్ళ వరస మధ్యన నడుస్తూ కొనేవాడు ఏం చేస్తాడు? ఒక బేలు విప్పి గుప్పెడాకు లాగుతాడు. వెలుతురులోకి తిప్పి రంగు చూస్తాడు, వేళ్ళతో మందం చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, పచ్చదనం మిగిలిందా, మచ్చ ఉందా, మాడిందా అని క్షణాల్లో తేల్చేస్తాడు. బ్రైటా, మీడియమా, లో గ్రేడా అన్నదాని మీద బావ ఏడాది కష్టం ఆధారపడి ఉంది. అక్కడ ఎవరూ అతన్ని డాబుగాడు అనరు. వాసనకీ రంగుకీ పేరు పెట్టి, ఆ పేరుకి ధర కట్టడం ప్రకాశం జిల్లాలో ఏటా జరిగే పని. గ్లాసులో ద్రవం ఉన్నప్పుడు మాత్రం అది వేషమైపోతుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త 1984లో వైను వాసనలన్నిటినీ ఒక చక్రంలో అమర్చారు. లోపలి వలయంలో పెద్ద జాతులు, బయటికి పోయేకొద్దీ కచ్చితమైన వస్తువులు. అందులో పొగాకు ఎక్కడుందో తెలుసా? ఎండిన ఆకుల కింద, గడ్డికీ తేయాకుకీ పక్కన. బ్యారన్ మొదటి రోజుల వాసన ఎరిగినవాడెవడైనా ఆ చోటు సరైందని ఒప్పుకుంటాడు. ఆ చక్రంలో నాకు నచ్చింది ఇంకొకటుంది. 'హుందా', 'రాజసం', 'లాలిత్యం' లాంటివి అందులో లేవు. మెచ్చుకునే మాటలు తీసేసి, పక్కవాడు కూడా ముక్కుతో సరిచూసుకోగల మాటలే ఉంచారు.

నేనైతే ఇంకో మెట్టు ఎక్కమంటాను: వాసన పేరుతో పాటు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. పండు నుంచి వచ్చేవి కొన్ని. షిరాజ్ ద్రాక్ష వైనులో మిరియాల వాసనకి కారణం రొటుండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా వాళ్ళు 2008లో తేల్చారు, నిజం మిరియాల్లో ఉండేదీ అదే. కాబెర్నే, సోవిన్యో బ్లాంక్‌లలో కోసిన క్యాప్సికం వాసన పైరజీన్లనే పదార్థాలది, కాయ సరిగా పండకపోతే అది ముదురుతుంది. పులిసేటప్పుడు పుట్టేవి కొన్ని. కొత్త బోజొలే ఎర్ర వైనులో అరటిపండు, షార్డొనే తెల్ల వైనులో వెన్న ఈ జాతివి. వెన్న వాసన డయాసిటైల్‌ది, మన మజ్జిగలో ఉండేది కూడా అదే. చెక్క ఇచ్చేవి కొన్ని: వెనిల్లా, లవంగం, కొబ్బరి. కొబ్బరి దగ్గర మళ్ళీ నా పాత పేచీయే. అమెరికన్ ఓక్‌లో లాక్టోన్లు ఎక్కువ గనక కొబ్బరి వస్తుందని రాస్తారు, నిజమే, కానీ పచ్చికొబ్బరా, ఎండుకొబ్బరా? బోర్బన్ విస్కీలో నాకెప్పుడూ తగిలేది ఎండుకొబ్బరి, అదీ గిన్నెలో కాస్త వేగింది. బోర్బన్ నిలవుండేది లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో, ఆ సంగతి 'వేగింది' అన్న మాటలో దానంతటదే వచ్చేస్తుంది.

వాసనల జాబితా ఎంత కచ్చితంగా ఉన్నా నోట్లో జరిగేది చెప్పకపోతే ఆ వర్ణన నాకు అక్కరకు రాదు. కొనేవాడికి కావలసింది పులుపెంత, వగరెంత, తీపి మిగిలిందా, మంట ఎంత, మింగాక ఎంతసేపు నిలుస్తుంది అన్నవి. ఆ చివరిదాన్ని నేను తోక అంటాను. వగరు గురించి మనకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. జూన్‌లో గుప్పెడు నేరేడు పళ్ళు తిని నాలుకని అంగిటికి రాసి చూడండి. లాలాజలంలోని ప్రోటీన్లని టానిన్లు పట్టేసుకోవడం వల్లే ఆ గరుకు. ఎర్ర వైను వగరు కూడా అదే లెక్క. అందులోనూ తేడాలున్నాయి. చిగుళ్ళ మీద కూర్చునేదొకటి, నాలుక మధ్యలో ఆగేదొకటి, గొంతు దాకా లాక్కుపోయేదొకటి.

ఇది ఎందుకు కావాలో నెల్లూరు చేపల పులుసు దగ్గర తెలిసింది. మా చిన్నమ్మ నెల్లూరులో ఉంటుంది. ఆమె పులుసు పెడితే మరునాటికి గానీ ముట్టనివ్వదు. చింతపండు పులుపు, మామిడికాయ ముక్కల పులుపు, మెంతి చేదు, పైన తేలే నూనె, కింద కారం, అన్నీ ఒక రాత్రి గడిస్తేనే ఒకదాంట్లో ఒకటి దిగుతాయి. ఖరీదైన ఎర్ర వైను కదా అని ఆ పులుసుతో పెడితే నోరంతా తుప్పు రుచి. ఇది మూఢనమ్మకం కాదు. జపాన్ పరిశోధకులు 2009లో స్కాలప్ అనే ఆల్చిప్ప జీవితో పరీక్షించి, వైనులో ఇనుము ఎక్కువైనకొద్దీ నీచు రుచి పెరుగుతుందని చూపించారు. దాని మీద వగరు, ఆల్కహాలు కారాన్ని మరింత మండిస్తాయి. అదే పులుసుతో జర్మనీ మోజెల్ లోయ రీస్లింగ్ తెల్ల వైను, కాస్త తీపి మిగిలినది, ఆల్కహాలు ఎనిమిది తొమ్మిది శాతం ఉన్నది పెట్టండి. చింతపండు పులుపుకి దాని పులుపు సాటి వస్తుంది, తీపి కారాన్ని పట్టుకుంటుంది. ఆ సీసా మీద 'తెల్ల పీచ్, మల్లె' అని రాసుంది. ఆ రెండు మాటలూ చిన్నమ్మ పులుసు దగ్గర నాకేం సాయం చేస్తాయి? 'పులుపు గట్టిది, తీపి కొంచెం ఉంది, ఆల్కహాలు తక్కువ' అని రాసుంటే చిన్నమ్మే ఎంచుకునేది.

తడిరాయి అనే మాట మీద కూడా ఒకటి చెప్పాలి. ఫ్రాన్సు షాబ్లీ వైనుల్లో, రీస్లింగుల్లో తడిరాయి వాసన ఉందని తెగ రాస్తారు, తీగ వేళ్ళు రాతిలోని ఖనిజాన్ని లాగి గ్లాసులోకి పంపాయన్నట్టు. భూగర్భ శాస్త్రవేత్తలు ఇది ఒప్పుకోరు. రాయికి వాసన లేదు, రుచి అంతకన్నా లేదు. నమ్మకం కుదరకపోతే చీమకుర్తి రండి. గెలాక్సీ గ్రానైటు కోసే ఫ్యాక్టరీలో రోజంతా రాయి తడుస్తూనే ఉంటుంది. అక్కడ వచ్చేది రంపం బురద వాసన, మెషిన్ ఆయిల్ వాసన. వాన పడ్డాక రాళ్ళ మీద నుంచి లేచేది రాయిది కాదు, దాని మీద పేరుకున్న నూనెలదీ మట్టిలోని సూక్ష్మజీవులదీ. వైనులో ఆ భావన నిజంగానే కలుగుతుంది, నాకూ కలిగింది. పదునైన పులుపు, పండు వాసన తక్కువ, కొంచెం గంధకం ఛాయ కలిస్తే అలా తోస్తుంది. అలా తోచిందని రాయొచ్చు. నేలే సీసాలోకి దిగిందని రాస్తే అది అమ్మకం మాట.

విస్కీ దగ్గరికొస్తే మా బ్యారన్ మళ్ళీ పనికొచ్చింది. స్కాట్లండ్ ఐలా దీవి విస్కీల పొగ వాసన ఏంటో బావకి చెప్పాల్సొచ్చినప్పుడు ఒక్క ముక్కలో అర్థమైపోయింది. బ్యారన్‌లో పొయ్యి బయట ఉంటుంది, పొగ ఇనప గొట్టాల్లోంచి పోయి చిమ్నీలో తేలుతుంది, ఆకుకి తగిలేది వేడి ఒక్కటే. అందుకే కట్టెలతో కాల్చినా మన వర్జీనియా ఆకుకి పొగ వాసన ఉండదు. గొట్టానికి చిల్లి పడి పొగ లోపలికొస్తే ఆ ఆకు గతేమిటో బావకి బాగా తెలుసు. ఐలాలో చేసేది ఆ చిల్లి కావాలని పెట్టడమే. మొలకెత్తిన బార్లీ తడిగా ఉండగానే పీట్ అనే బురదనేల ఇంధనాన్ని కాల్చి ఆ పొగని గింజల గుండా పోనిస్తారు. పొగలోని ఫీనాళ్ళనే పదార్థాలు గింజకి పడతాయి. ఆర్డ్‌బెగ్ బట్టీ వాడే మాల్టులో, అంటే అలా ఆరబెట్టిన బార్లీలో, అవి పదిలక్షల పాళ్ళకి దాదాపు 55 పాళ్ళు. బట్టీలో మరిగి దిగాక మిగిలేది అందులో కొంతే, అయినా గది నిండిపోతుంది. దాన్ని 'పొగ' అని వదిలెయ్యడం నాకు మళ్ళీ నచ్చదు. అందులో బూడిద ఉంది, తారు ఉంది, పాత ఆస్పత్రి వరండాలో ఫినాయిల్ ఉంది, ఎండుచేపలు కాల్చిన వాసన కూడా ఉంది. లఫ్రోయ్‌గ్‌లో ఆస్పత్రి పైచేయి, లగవూలిన్‌లో కాల్చిన చేప పైచేయి. ఇది నా ముక్కు లెక్క, మీది మీరు రాయండి.

నీళ్ళు కలపడం నామోషీ అనుకునేవాళ్ళకి ఒక సంగతి. గ్వాయకాల్ అనే పొగ వాసన పదార్థం విస్కీ పలచనయ్యేకొద్దీ పైపొరకి చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. వాసన రాయాలనుకునేవాడు కాసిన్ని నీళ్ళు పొయ్యాలి. నీట్‌గా కొట్టడం మగతనం కావచ్చు, దాంతో ముక్కు మొద్దుబారుతుంది.

సీసా మీది వయసు అంకె కూడా ఊరిని బట్టి చదవాల్సిన మాట. స్కాట్లండ్‌లో పీపాలోంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైతే బెంగళూరులో పది శాతం పైనే పోతుంది. 2004లో గ్లాస్గోలో అడుగుపెట్టిన అమృత్ సింగిల్ మాల్టు నాలుగైదేళ్ళకే అంత చెక్క రుచి ఎక్కడం ఆ ఎండ వల్ల. మన షాపుల్లో చవగ్గా దొరికే విస్కీ, బ్రాందీల్లో చాలావాటి కథ వేరు. అడుగున ఉన్నది మొలాసిస్ అనే చెరకు మడ్డి నుంచి వాసనంతా తీసేసిన స్పిరిట్, పైన కొంచెం మాల్టో ద్రాక్ష స్పిరిటో, రంగుకి కారమెల్. మొలాసిస్ స్పిరిట్‌ని విస్కీ పేరుతో యూరప్‌లో అమ్మనివ్వరు. వర్ణించడానికి అందులో ఏమీ దొరకలేదంటే అది వర్ణించేవాడి లోపం కాదు, అదే వర్ణన.

మన దగ్గర వర్ణనకి లొంగే సరుకు కల్లు. టంగుటూరు దాటి సముద్రం వైపు పోతే ఇసక నేలల్లో తాటిచెట్లు. గీసే మామ ఒకాయన, గ్లాసూ వద్దు చక్రమూ వద్దు, ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మి, ఏ చెట్టుదో, కడిగిన లొట్టిదో కడగని లొట్టిదో, ఎన్నింటికి దించిందో చెప్పేవాడు. కడగని లొట్టిలో నిన్నటి ఈస్టు ఉంటుంది, పులవడం తొందరగా మొదలవుతుంది, సున్నం పూసిన లొట్టిలో మొదలే కాదు. పొద్దున దించింది ముంజల వాసన, కొబ్బరినీళ్ళ తీపి, నాలుక మీద చిటపట. మధ్యాహ్నానికి మజ్జిగ పులుపు, పులిసిన దోసెపిండి వాసన. సాయంత్రానికి వెనిగర్ తలెత్తుతుంది. "పొద్దున్నే రా అబ్బయ్యా, పదకొండు దాటితే అది నీ నోటికి కాదు," అనేవాడు నాతో. ఏ సీసా వెనకా ఇంత పనికొచ్చే మాట నేను చదవలేదు: ఏం తాగాలో కాదు, ఎప్పుడు, ఎవరి నోటికి అన్నది.

ఇదంతా బూటకమని నిరూపణ అయిపోయింది కదా అనేవాళ్ళు 2001 నాటి బోర్డో ప్రయోగాన్ని చూపిస్తారు. తెల్ల వైనుకి వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైను విద్యార్థులకిస్తే ఎర్ర వైనుకి వాడే మాటలతో వర్ణించారు. ప్రయోగం నిజం, నేను నమ్ముతాను. అది చెప్పేది ముక్కుకి కన్ను దారి చూపిస్తుందని. వాసన లేదని కాదు. వేలం కేంద్రంలో కూడా ఆకు రంగు బాగుంటే వాసన బాగున్నట్టే తోస్తుంది, అందుకే తెలివైన కొనుగోలుదారు నిమ్మపండు రంగు చూసి మురిసిపోకుండా ఆకు నలిపి చూస్తాడు. వైనుకి విరుగుడు నల్ల గ్లాసు, అందులో రంగు కనబడదు. ధర, లేబులు దాచి రుచి చూడండి. 1976లో పారిస్‌లో అలా దాచి చూసినప్పుడే కదా ఫ్రెంచి న్యాయనిర్ణేతలు ఎర్ర, తెల్ల రెండు వరసల్లోనూ కాలిఫోర్నియా వైనులకి మొదటి స్థానమిచ్చింది.

రెండో అభ్యంతరం అంత తేలిగ్గా తీరేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు, రోసమ్మ ముందు నిలబడి, సారా కొట్టు మూయించారు. అక్కణ్ణుంచి జిల్లా, రాష్ట్రం అంటుకుని 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. ఆ నేల మీద నిలబడి మొగుడు తాగొచ్చి కొట్టిన ఇంటి పక్కన 'ఎండుద్రాక్ష, మండె' అని రాస్తావా అని అడిగితే నేను తల దించుకునే వింటాను. వర్ణించేవాడు తక్కువ తాగుతాడని, సంస్కారంగా తాగుతాడని నేననను. సుద్దుల్లాంటి మాటలు చెప్పి ఫుల్ బాటిల్ ఖాళీ చేసేవాళ్ళని చూశాను. ఎంత తక్కువైనా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, మంచి సీసాలకి మినహాయింపేమీ ఇవ్వలేదు. అయితే ఒకటి గమనించండి. వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో పోసి అమ్మిన సారాకి రుచితో పనే లేకపోయింది. కొలత, కిక్కు, మళ్ళీ రేపు. అందులో ఏముంది, దేంతో చేశారు, చెడిపోయిందా అని అడిగే అలవాటు లేని చోట ఏం పోసినా చెల్లుతుంది. రుచి చూసి నిజం చెప్పడం ఆ ఆడవాళ్ళ కోపానికి జవాబు కాదు, కానీ అమ్మేవాడి వైపు మాట కూడా కాదు. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే బిరడా చెడిందని, గుర్రపుసాల వాసన హద్దు మీరితే పీపాలో బ్రెటనోమైసిస్ అనే ఈస్టు చేరిందని రాయడం కూడా వర్ణనే. దుకాణాలవాళ్ళు అచ్చేసే కాగితాల్లో ఆ వర్ణన ఎప్పుడూ కనబడదు.

అందుకని ఈమధ్య నేను రాసుకునే పద్ధతి ఇలా ఉంటోంది.

నాసిక్ షిరాజ్, నల్ల గ్లాసులో: మిరియాలు, దంచినవి, వేయించనివి. నేరేడు, బాగా పండింది. చెక్క నుంచి లవంగం, అవసరానికి మించి. వగరు చిగుళ్ళ మీద, పులుపు చాలదు. ఎండలో పండిన కాయ అని తెలుస్తోంది. తోక పొట్టి. వేట మాంసంతో సరే, చేపతో వద్దు.

బావ తెచ్చిన క్వార్టరు బ్రాందీ, అదే గ్లాసులో: పైన వెనిల్లా ఎసెన్సు, దాని కింద కారమెల్, దాని కింద ఏమీ లేదు. నోట్లో తీపి, తర్వాత మంట. ద్రాక్ష జాడ లేదు. తోక లేదు.

బావ కళ్ళజోడు పెట్టుకుని రెండోది మళ్ళీ చదివాడు. "తోక లేదని రాశావేంది? పొద్దున తలకాయ నొప్పి ఎవరిది మరి?" అన్నాడు. అది కూడా చేర్చాను.